చెక్క కమ్మలు బొగ్గులా మాడుతున్నాయంటే తప్పు లేజర్‌ది కాదు, ప్లైవుడ్‌ది

మీ ప్రశ్న చదివి నవ్వొచ్చిందండి, ఎగతాళికి కాదు, ఆరేళ్ళ కిందట నేనూ అచ్చం ఇలాగే తల పట్టుకుని కూర్చున్నా. 10 వాట్ల డయోడ్ లేజర్, అంటే నీలి వెలుగుతో చెక్క కోసే చిన్న మెషీన్, కొన్నారు, ఊళ్ళో షాపులో దొరికిన ప్లైవుడ్ తెచ్చి జుంకాలు కోశారు, కొన్ని చోట్ల తెగింది కొన్ని చోట్ల తెగలేదు, తెగిన చోట అంచు నల్లగా చేతికి అంటుతోంది, ఇది అమ్మేసి సీవోటూ మెషీన్ (కార్బన్ డయాక్సైడ్ వాయువుతో నడిచే పెద్ద లేజర్) కొనాలా అని అడిగారు. కొనకండి. మీ మెషీన్ బాగానే ఉంది, దానికి మీరు పెడుతున్న తిండే బాలేదు.

మన షాపుల్లో దొరికే ప్లై బీరువాలకీ వార్డ్‌రోబులకీ చేసింది. పైన చూస్తే నున్నగా ఉంటుంది గానీ లోపలి పొరల్లో సందులుంటాయి, ఆ సందుల్లో గ్లూ, పుట్టీ లాంటిది నింపేస్తారు, ముడులున్న చోట ముక్కలు అతికిస్తారు. రంపానికి ఇవేవీ లెక్క కాదు, లేజర్‌కి మాత్రం అక్కడ పడుతుంది బ్రేకు. మీకు కొన్ని చోట్ల మాత్రమే తెగకపోవడానికి కారణం ఇదే, కావాలంటే తెగని చోట చాకుతో విప్పి చూడండి లోపల నల్లటి గ్లూ ముద్ద కనిపిస్తుంది. షాపాయన "మేడమ్ ఇది 710 గ్రేడ్, నీళ్ళలో నానేసినా ఏం కాదు" అని గొప్పగా చూపిస్తాడు కదా, ఐఎస్ 710 అంటే మెరైన్ ప్లై, అందులో వాడేది ఫినాలిక్ గ్లూ, అది వేడికీ నీళ్ళకీ లొంగదు, అంటే మనకి అదే శత్రువు. ఐఎస్ 303 ఎమ్ఆర్ గ్రేడ్, అంటే తేమని మాత్రం తట్టుకునే మామూలు ప్లై, కాస్త నయం, దాంట్లో యూరియా గ్లూ ఉంటుంది, అయినా లోపలి సందులు సందులే.

మీకు కావాల్సింది బాస్‌వుడ్ ప్లై, ఆన్‌లైన్‌లో లేజర్ ప్లై అని అమ్ముతారు, ఏ4 సైజు ముక్కలుగా వస్తుంది, 2 మిల్లీమీటర్లదీ 3 మిల్లీమీటర్లదీ. లేత రంగు, మెత్తటి చెక్క, లోపల సందులు దాదాపు ఉండవు. బర్చ్ కూడా మంచిదే, ఇంకా గట్టిది, కానీ 10 వాట్లకి కొంచెం బరువు. కమ్మలకైతే 2 మిల్లీమీటర్లదే తీసుకోండి, ఎందుకో కింద చెప్తా. నా దగ్గర 10 వాట్ల దాంతో 3 మిల్లీమీటర్ల బాస్‌వుడ్ నిమిషానికి 300 మిల్లీమీటర్ల స్పీడులో ఒకే పాస్‌లో, అంటే లేజర్ గీత మీద ఒక్కసారి తిరిగితేనే, తెగుతుంది, ఈ నంబర్ మీరు కాపీ కొట్టకండి, మీ లెన్సు వేరు మీ గాలి వేరు, కొత్త బ్యాచ్ ప్లై వచ్చిన ప్రతిసారీ ఓ మూల చిన్న చిన్న గడులు వేరే వేరే స్పీడుల్లో కోసి చూసుకోండి, లేజర్‌ని నడిపే లైట్‌బర్న్ సాఫ్ట్‌వేర్‌లో మెటీరియల్ టెస్ట్ అని రెడీగా ఉంటుంది.

ఎండీఎఫ్ గురించి, అంటే చెక్క పొట్టుని గ్లూతో నొక్కి చేసే పలక గురించి అడిగారు. చవక, ఎక్కడ కోసినా ఒకేలా తెగుతుంది, పెయింట్ వేసే వాటికి భేషుగ్గా ఉంటుంది. కానీ చెమట తగిలితే ఉబ్బుతుంది, అంచులు ముదురు కాఫీ రంగు, దాని పొగ మాత్రం ప్లై కంటే ఘాటు. నేను డిజైన్ ట్రయల్‌కి ఎండీఎఫ్ వాడతా, అమ్మేదానికి వాడను, అంతే.

అసలు చెక్క, అంటే పొరలు లేని చెక్క వాడాలని మీకుంది కదా, అది వేరే లోకం. మాది విజయవాడ, కొండపల్లి పక్కనే కాబట్టి మొదట్లో ఉత్సాహం కొద్దీ బొమ్మల వాళ్ళు వాడే తెల్ల పొణికి మీద చేసి చూశా. తేలిక, వెన్నలా తెగుతుంది, చెవికి పెట్టుకున్నట్టే ఉండదు, కానీ మెత్తదనం వల్ల సన్నటి జాలీ డిజైన్లు నిలబడవు, గోరు గుచ్చుకున్నా గుంట పడుతుంది, కాబట్టి పెద్ద పెద్ద సాదా ఆకారాలకి, రంగు వేసేవాటికి మాత్రమే. టేకు పల్చటి పలకలు మా వడ్రంగి ఆయన 2 మిల్లీమీటర్లకి తీసిచ్చారు, దాంట్లో నూనె ఉంటుంది కాబట్టి పొగ ఎక్కువ, మెల్లగా తెగుతుంది, కానీ పాలిష్ చేశాక ఆ రంగు చూస్తే ఆ కష్టమంతా మర్చిపోతారు. పొరలు లేని చెక్కకి ఒక్క సూత్రం గుర్తుంచుకోండి, రేఖలు ఏ దిక్కుకి వెళ్తున్నాయో ఆ దిక్కుకే పొడుగు ఉండాలి, అడ్డంగా పెడితే కమ్మ కింద పడగానే బిస్కెట్‌లా విరుగుతుంది. ప్లైలో పొరలు అడ్డం నిలువుగా ఉంటాయి కాబట్టి ఈ బాధ లేదు.

ఇంకో మాట, ఎవరైనా "ఎర్రచందనం ముక్కలున్నాయి, లాకెట్లు చేస్తే మంచి రేటొస్తుంది" అంటే ఆ మాట విననట్టే వచ్చేయండి. పర్మిట్ లేకుండా అది ఇంట్లో పెట్టుకోవడమే కేసు, అడవి దొంగల కథలో మీ కమ్మల కథ కలపకండి. రోజ్‌వుడ్ కూడా, కొన్న బిల్లు లేకుండా వద్దు, పైగా కొంతమందికి ఆ చెక్క పొడి తగిలితే ఒళ్ళంతా దద్దుర్లు.

ఇప్పుడు నలుపు సంగతి. చెక్కని లేజర్ కోస్తోందంటే కాల్చేస్తోందనే అర్థం, కాబట్టి అంచు గోధుమ రంగులోకి రావడం ఖాయం, దాన్ని పూర్తిగా పోగొట్టలేం, బొగ్గు కాకుండా మాత్రం ఆపొచ్చు. మీరు తక్కువ పవర్‌లో ఆరేడు పాస్‌లు కొట్టానన్నారు, అదే తప్పు, ప్రతి పాస్‌కీ తెగిన గోడ మళ్ళీ మళ్ళీ మాడుతుంది. ఒకటి లేదా రెండు పాస్‌లు, దానికి తగ్గ స్పీడు. తర్వాత గాలి. ఎయిర్ అసిస్ట్ లేకుండా మీరు కోస్తున్నట్టున్నారు, లేజర్ ముక్కు దగ్గర గాలి గట్టిగా కొడితే పొగ పక్కకి పోతుంది, మంట లేవదు, బీమ్ కిందిదాకా దిగుతుంది, తేడా మీరే నమ్మలేరు. చేపల తొట్టి పంపు పెట్టి కొందరు సరిపెట్టుకుంటారు, చెక్కడానికి అది చాలు, కోయడానికి చాలదు, చిన్న కంప్రెసర్ లాంటిది కావాలి. ఫోకస్ చెక్క పైముఖం మీద కాకుండా మందంలో సగం లోపలికి పెట్టి చూడండి, 3 మిల్లీమీటర్లదైతే ఒకటిన్నర కిందికి. లెన్సు ముందుండే గాజు ఎప్పుడు తుడిచారు? ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో వారానికోసారి తుడవండి, నేను నెల రోజులు తుడవకుండా, పవర్ పోయింది మెషీన్ పాడైంది అని అమ్మినవాళ్ళతో పోట్లాడి తీరా చూస్తే గాజు మీద మసి.

పైముఖం మీద పొగ మరకలు రాకుండా రెండు వైపులా కాగితం మాస్కింగ్ టేప్ అంటించి కోయండి. దీంతో ఇంకో లాభం ఉంది, టేప్ ఉండగానే డిజైన్ చెక్కి, ఆ చెక్కిన గుంటల్లో ఆక్రిలిక్ రంగు పూసి, ఆరాక టేప్ పీకేస్తే రంగు గీతల్లోనే ఉండిపోతుంది, బయట ఒక్క చుక్క ఉండదు. కలంకారి నెమళ్ళు, మామిడి పిందెలు నేను ఇలాగే చేస్తా, చూసినవాళ్ళు బ్రష్‌తో దిద్దారా అని అడుగుతారు. వరస మాత్రం తప్పకండి, ముందు చెక్కడం, తర్వాత లోపలి రంధ్రాలు, ఆఖర్న బయటి గీత, బయటిది ముందు తెగిపోతే ముక్క కదిలి రంధ్రం పక్కకి పోతుంది.

ఇక మీరు అసలు అడగనిది, నాకు చెప్పాలని ఉన్నది. తెలుగు పేర్ల లాకెట్లు. ఇంగ్లీషు పేర్లు ఎవరైనా కోస్తారు, ఆన్‌లైన్‌లో వందల మంది ఉన్నారు, తెలుగులో చేసేవాళ్ళు తక్కువ, ఎందుకంటే మన అక్షరాలు కోయడానికి అంత తేలిగ్గా లొంగవు. ప, ఫ, ష, స, హ వీటిని జాగ్రత్తగా చూడండి, తలకట్టు అక్షరానికి అతుక్కుని ఉండదు, గాల్లో తేలుతుంటుంది, కోశాక పళ్ళెంలో రాలి పడేది ముందు అదే. ఒత్తులు కిందికి విడిగా వేలాడతాయి, సున్నా అయితే పూర్తిగా విడి ముక్క. నా మొదటి ఆర్డర్ "సౌమ్య", కోశాక చూస్తే యావత్తు ఒక చోట, అక్షరాలు ఒక చోట. అందుకని ముందు ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో పేరు టైప్ చేసి, పాత్‌గా (అక్షరాల్ని గీతలుగా) మార్చి, తేలుతున్న ప్రతి ముక్కనీ పక్క అక్షరానికో కింది గీతకో ఓ చిన్న వంతెనతో కలిపి, ఆ తర్వాత అన్నిటినీ యూనియన్ చేయాలి, అంటే ఒకే ఆకారంగా కలపాలి. వంతెన ఒకటిన్నర మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉండొద్దు. యూనియన్ చేయడం మర్చిపోతే ఒకదాని మీద ఒకటి పడ్డ గీతలన్నీ లేజర్ కోసేసి అక్షరాలని తునకలు చేస్తుంది. ఫాంట్ లావుగా ఉండాలి, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే రామభద్ర లాంటిది బాగా నిలబడుతుంది, సన్నటి రాత ఫాంట్లు తెర మీద ముద్దొస్తాయి గానీ మెళ్ళో రెండు రోజులుండవు. ఇవన్నీ తలనొప్పి అనుకుంటే పేరు వెనక ఓ గుండ్రటి పలక పెట్టి దాని మీద అక్షరాలు అతికించండి, ఒత్తులూ తలకట్లూ ఎక్కడివక్కడ ఉంటాయి, నేను ముదురు టేకు మీద లేత బాస్‌వుడ్ అక్షరాలు అతికిస్తా.

బరువు గురించి. 5 సెంటీమీటర్ల గుండ్రటి బిళ్ళ 3 మిల్లీమీటర్ల ప్లైలో దాదాపు 4 గ్రాములు వస్తుంది, అదే 2 మిల్లీమీటర్లలో రెండున్నర, లోపల జాలీ కోస్తే ఇంకా తగ్గుతుంది. బంగారం బుట్టలు పెట్టుకుని చెవి తమ్మెలు సాగిపోయిన అమ్మమ్మలున్న ఇళ్ళు మనవి, అంత పెద్ద కమ్మ అంత తేలిగ్గా ఉందంటే ఆడవాళ్ళు వదలరు, అమ్మేటప్పుడు ముందు చేతిలో పెట్టండి, రేటు తర్వాత చెప్పండి.

2 మిల్లీమీటర్లు తీసుకోమనడానికి ఇంకో కారణం రింగులు. కమ్మకీ కొక్కేనికీ మధ్య వేసే జంప్ రింగ్, 3 మిల్లీమీటర్ల మందమూ, రంధ్రం నుంచి అంచుకి 2 మిల్లీమీటర్లూ ఉన్న చెక్క చుట్టూ తిరగాలంటే లోపలి వ్యాసం 4 మిల్లీమీటర్లు దాటాలి, అంటే 6 మిల్లీమీటర్ల రింగు, అది చూడ్డానికి గేటు గొలుసులా ఉంటుంది. 2 మిల్లీమీటర్ల చెక్కకి 5 మిల్లీమీటర్ల రింగు హాయిగా పడుతుంది. రంధ్రం ఒకటిన్నర మిల్లీమీటర్లు, రంధ్రం నుంచి అంచుకి కనీసం రెండు. రింగు విప్పేటప్పుడు రెండు చివరలూ పక్కలకి లాగకండి, ఒకటి ముందుకి ఒకటి వెనక్కి తిప్పండి, లేకపోతే మళ్ళీ గుండ్రంగా మూసుకోదు. కొక్కేలు స్టెయిన్‌లెస్ స్టీలువి వాడండి, చవకవాటిలోంచి నికెల్ ఎక్కువ బయటికొచ్చి చర్మానికి తగులుతుంది, చెవులు చీము పట్టాయని ఫోన్ వస్తే ఎంత అందమైన కమ్మయినా మిమ్మల్ని కాపాడదు.

గాజులు చేయాలనుందన్నారు, ఒక పొరపాటు ముందే చెప్తా, నేను ఇరవై గాజులు చెత్తలో పోశా దీనివల్ల. 2.6 సైజు అంటే 2.6 అంగుళాలు కాదండి. చుక్క తర్వాత ఉన్నది పదహారో వంతులు, అంటే 2 అంగుళాల మీద పదహారో వంతులు ఆరు, 2.375 అంగుళాలు, 60.3 మిల్లీమీటర్లు. 2.4 అంటే 57.2, 2.8 అంటే 63.5, 2.10 అంటే 66.7. నేను 2.6ని అంగుళాలనుకుని 66 మిల్లీమీటర్లకి కోశా, అన్నీ దాదాపు 2.10 సైజులో వచ్చాయి, వేసుకున్నావిడ చెయ్యి కిందికి దించితే గాజు నేల మీద. ఇంకా లేజర్ గీత మందం కూడా లెక్కలోకి తీసుకోవాలి, ఓ 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల దాకా చెక్క ఆవిరైపోతుంది, గాజుకి అది పట్టించుకోనక్కర్లేదు గానీ ఒకదాంట్లో ఒకటి బిగించే ముక్కలకి పట్టించుకోవాలి. ఒక్క 3 మిల్లీమీటర్ల రింగు గాజులా ఉండదు, మూడు పొరలు ఫెవికాల్‌తో అతికించి బట్టల క్లిప్పులు పెట్టి రాత్రంతా ఉంచండి.

కోయడం అయిపోయింది, ఇప్పుడు మొదలవుతుంది పని. ఒక జత జుంకాలు కోయడానికి నాకు ఏడెనిమిది నిమిషాలు, ఫినిషింగ్‌కి ముప్పావు గంట. ఇది తెలియక మొదట్లో ఒక పెళ్ళి ఆర్డర్‌కి పన్నెండు జతలు కోసి, పైపైన తుడిచి ఇచ్చేశా. పెళ్ళికూతురి చెల్లెలు మీగడ రంగు పట్టు జాకెట్ వేసుకుంది, సాయంత్రానికి భుజాల మీద రెండు నల్లటి చారలు. డబ్బు తిరిగిచ్చా, డ్రై క్లీనింగ్ కూడా నేనే కట్టా, ఇప్పటికీ ఆ ఫోటో నా ఫోన్‌లో ఉంది. అప్పట్నుంచి నా పద్ధతి ఇది, టేప్ పీకాక మెత్తటి పాత టూత్‌బ్రష్‌ని ఐసోప్రొపైల్‌లో ముంచి అంచులన్నీ తోమేయాలి, నీళ్ళు వద్దు చెక్క నూగు లేస్తుంది. ఆరాక 320 నంబర్ సాండ్ పేపర్ మడిచి అంచుల మీద, 400 పైముఖం మీద. తెల్ల గుడ్డతో రుద్ది చూడండి, మరక పడితే మళ్ళీ మొదటికి. మరక పడకపోతేనే పాలిష్.

పాలిష్‌కి స్పిరిట్‌లో లక్క కరిగించి వేసేది నాకు ఇష్టం, వెచ్చటి రంగు వస్తుంది, అరగంటలో ఆరుతుంది, రెండు మూడు పల్చటి కోట్లు. కానీ సెంటు కొట్టుకునేవాళ్ళకి, చేతికి శానిటైజర్ రాసుకునేవాళ్ళకి అది పనికిరాదు, ఆల్కహాల్ తగలగానే జిగటగా అయిపోతుంది. అందుకే మెళ్ళో వేసేవాటికీ గాజులకీ నీళ్ళతో కలిపే పీయూ (పాలీయురేథేన్) క్లియర్ వార్నిష్ వేస్తా, మెరవని మ్యాట్‌ది, మెరిసే గ్లాసీది వేస్తే ప్లాస్టిక్‌లా ఉంటుంది. హారాలకి పూసలు కావాలంటే ఏటికొప్పాక లక్క పూసలు చూడండి, అంకుడు కర్ర మీద లక్క రంగులతో చేస్తారు, లేజర్‌తో గుండ్రటి పూస రాదు, వాళ్ళ పూసలూ మన లాకెట్టూ కలిస్తే ఆ అందమే వేరు.

పొగ గురించి కోప్పడాల్సి వస్తోంది, మీరు పడగ్గదిలో కిటికీ తీసి కోస్తున్నానన్నారు. కాలిన చెక్క వాసన బాగానే ఉంటుంది గానీ ఆ పొగలో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, సన్నటి మసి ఊపిరితిత్తుల దాకా వెళ్తుంది. మెషీన్ మీద డబ్బా, డబ్బాకి 4 అంగుళాల డక్ట్, చివర్న ఫ్యాన్, గొట్టం కిటికీ బయటికి, ఇంతే, ఓ ఆదివారం పని. కళ్ళజోడు 450 నానోమీటర్లకి (మీ లేజర్ నీలి వెలుగు అదే) ఓడీ, అంటే వెలుగుని ఆపే శక్తి, 4 కంటే ఎక్కువ అని రాసి ఉన్నదే వాడండి, నల్ల కూలింగ్ గ్లాసులు పెట్టుకుంటే లేజర్ ఆగదు. మెషీన్ పక్కన నీళ్ళ స్ప్రే బాటిల్, మంటలార్పే చిన్న సిలిండర్ ఉంచండి, ఒక్క నిమిషం టీ పెట్టుకొస్తా అని లేవకండి, లేవాల్సి వస్తే పాజ్ నొక్కి లేవండి. ఇక రెక్సిన్, పీవీసీ షీట్లు పొరపాటున కూడా పెట్టకండి, వాటిలోంచి హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, అది మీ గొంతునీ మెషీన్ ఇనుమునీ రెండిటినీ తినేస్తుంది.

సీవోటూ ఎప్పుడు కొనాలి? పారదర్శకంగా ఉండే ఆక్రిలిక్ కోయాలనుకున్నప్పుడు, డయోడ్ నీలి వెలుగు దాంట్లోంచి దూరి అవతలికి పోతుంది, సీవోటూ 10.6 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం ఉన్న కిరణాన్ని ఆక్రిలిక్ పీల్చుకుంటుంది. లేదా రోజుకి యాభై జతలు కోసే ఆర్డర్లు వచ్చినప్పుడు. అన్నట్టు ఆ సీవోటూ లేజర్‌ని కనిపెట్టింది మనవాడే, బారామతిలో పుట్టిన కుమార్ పటేల్, 1964లో అమెరికా బెల్ ల్యాబ్స్‌లో. కానీ దాని గాజు ట్యూబుకి చల్లటి నీళ్ళు తిరుగుతూ ఉండాలి, మన విజయవాడ మే నెలలో బకెట్‌లో నీళ్ళే వేడెక్కి ఉంటాయి, ఐసు బాటిళ్ళు వేస్తూ కూర్చోవాలి, లేదంటే నీళ్ళని చల్లబరిచే చిల్లర్ ఖర్చు ఇంకో మెషీనంత. ఆ తలనొప్పి మీకిప్పుడే ఎందుకు.

ముందు ఓ పది బాస్‌వుడ్ షీట్లు, గాలికి చిన్న కంప్రెసర్, టేప్, సాండ్ పేపర్ తెప్పించుకోండి. వానాకాలం కదా, ప్లై రాగానే కవర్ తీయకుండా చదునుగా పడుకోబెట్టి పైన బరువు పెట్టండి, గోడకి ఆనిస్తే రెండ్రోజుల్లో అప్పడంలా వంకరపోతుంది, వంకరపోయిన దాంట్లో ఒక మూల ఫోకస్ ఉంటే ఇంకో మూల ఉండదు. ఇప్పుడు మీ దగ్గరున్న ప్లై ముక్క అంచుకి ఓ ఫోటో తీసి పెట్టండి, పక్కనుంచి, దగ్గరగా. గ్లూ గీత నల్లగా ఉందా లేతగా ఉందా చూస్తే దాన్ని కమ్మలకి వాడొచ్చో, వంటింట్లో అరకి వేసుకోవాలో చెప్తా.